అడవికి విత్తువారెవరు?

పొలమునకు విత్తువాడు రైతు. అడవికి విత్తువారెవరు? ఈ ప్రశ్న మన శాసనసభలలో వినబడుట లేదు. అడవి తనంతట మొలచుననియు, కొట్టివేసినచో మరల నాటుకొనవచ్చుననియు ప్రభువులును ప్రజలలో పెక్కుమందియు విశ్వసించుచున్నారు. ఈ విశ్వాసము సత్యదూరము. ఉష్ణమండలారణ్యములలోని పెక్కు వృక్షముల పండ్లను పక్షులును మృగములును తిని, విత్తనములను దూరముగా విడుచుచున్నవి. తల్లిచెట్టు క్రింద రాలిన విత్తులను పురుగులును తెగుళ్లును విశేషముగా నాశనము చేయుననియు, దూరము పోయిన విత్తునకే బ్రదుకుతెరువు హెచ్చనియు 1970లో జాన్జెన్, 1971లో కానెల్ అను శాస్త్రజ్ఞులు వేర్వేఱుగ ప్రతిపాదించిరి.

దీనికి నిదర్శనము అరుణాచల ప్రదేశమునందలి పక్కే అభయారణ్యమున గలదు. అచ్చటి హార్న్‌బిల్ పక్షులను గూర్చి అపరాజితా దత్తా మొదలగువారు 1990 దశకము నుండి పరిశోధనలు సాగించుచున్నారు. చిన్న పిట్టలు మ్రింగజాలని పెద్ద గింజలను ఈ పక్షులు మోసికొనిపోయి అడవియంతట వెదజల్లుచున్నవి. ఆడుపక్షి మహావృక్షపు తొఱ్ఱలో చేరి, సన్నని చీలికను మాత్రము విడిచి ద్వారము మూసికొనును. మాసములకొలది మగపక్షియే పండ్లు తెచ్చి యందించును. ఆ మగపక్షిని వేటగాడు కూల్చినచో లోపలి తల్లియు పిల్లయు ఆకలికి బలి కావచ్చును. పెద్దచెట్టు లేనిదే పక్షికి గూడు లేదు. పక్షి లేనిదే పెద్దచెట్టునకు సంతతి కఱవు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము ఈ పక్షిని కాపాడుమన్నది. కాని శాసనము కాగితము మీదిది. గూడు కొండ మీదిది. ఆ దూరమును దాటినవారు అచ్చటి నిషీ ప్రజలు. తమ సంప్రదాయపు శిరోవేష్టనమునందు హార్న్‌బిల్ ముక్కునకు మాఱుగ కృత్రిమపు ముక్కును ధరించుట కనేకులు సమ్మతించిరి. ఒకనాటి వేటగాండ్రు కొందఱు నేడు గూళ్ల కాపరులైరి. అడవిబిడ్డలే అడవికి శత్రువులని పట్టణములలో పలుకు మన సోదరులు ఈ సంగతి గమనింతురు గాక.

ప్రభుత్వమువారి త్రోవ వేఱు. అరణ్యభూమి నితర కార్యములకు విడిచినపుడు మాఱుగ చెట్లు నాటించుటకును, తత్సంబంధ కార్యములకును 2016లో నిధి శాసనము చేసిరి. చెట్లు నాటుట మంచిదే; మేము కాదనము. కాని వరుసలు దీర్చిన మొక్కలతోట అడవి కాదు. ఇల్లు కూల్చి యిటుకలు లెక్కపెట్టి యిచ్చిన, కాపురము నిచ్చినట్లగునా?

పక్కే దూరదేశమని మన మూరకుండ రాదు. మన పాపికొండలలోను హార్న్‌బిల్ జాతి గలదు. గనులు మున్నగు పెద్ద నిర్మాణములలో పెక్కింటికి అనుమతి నిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయమును సేకరింపవలెనని 2006 నాటి ప్రకటన విధించుచున్నది. సంబంధము గలవారు లిఖితమూలముగ నాక్షేపణలు తెలుపవచ్చును. ఈ హక్కును వినియోగించువారు కొద్దిమందియే. అట్టి సభ మీ ప్రాంతమున జరుగునపుడు ఎన్ని చెట్లు పోవునని మాత్రమే అడుగకుడు. ఏ పక్షులు, ఏ మృగములు పోవునని యడుగుడు. అవి పోయిన పిమ్మట ఆ యడవికి విత్తువారెవరని యడుగుడు. సరియైన సమాధానము వచ్చువఱకు సమ్మతి నీయకుడు.