గరగర ఎంత తీయాలి?

ఈ సంచిక పాత పియానో రికార్డులది, అందులోనూ ఎక్కువ పేజీలు పియానిస్టు ఆర్టర్ ష్నాబెల్‌వి. బీథోవెన్ 32 సొనాటాలనూ మొట్టమొదట పూర్తిగా రికార్డు చేసింది ఆయనే. 1932 నుంచి 1935 దాకా లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో వాయించారు. ముందే చందా కట్టిన శ్రోతల అండతో రికార్డుల కంపెనీ హెచ్.ఎం.వి. ఆ పనికి దిగింది. అసలు రికార్డింగంటేనే ఆయనకు గిట్టేది కాదు. అంతకుముందు చాలాకాలం తప్పించుకు తిరిగారు.

గ్రామఫోను ప్లేటు ఒక వైపు పట్టేది నాలుగు నిమిషాల పైచిలుకే. నెమ్మదిగా సాగే భాగమైనా సరే, మధ్యలో చేతులు ఆపాలి, మళ్లీ అదే ఊపులో అందుకోవాలి. పాత రికార్డుల్ని పునరుద్ధరించేవాళ్లు ఇప్పుడా ముక్కల్ని అతుకు తెలియకుండా కలుపుతారు. వేగంతోనూ తంటానే. 78 అని పేరేగానీ అన్ని ప్లేట్లూ నిమిషానికి సరిగ్గా అన్ని చుట్ల లెక్కన తయారవలేదు. కాస్త తేడా వస్తే శ్రుతే మారిపోతుంది.

అసలు తగువు మాత్రం పాత ప్లేటు తిరిగేటప్పుడు వినిపించే గరగర దగ్గరే. కంప్యూటర్‌తో దాన్ని మొత్తం ఊడ్చేయొచ్చు. కానీ మీట నొక్కాక తీగ మోగుతూ మెల్లగా ఆరిపోతుంది చూడండి, ఆ చివరి నాదం కూడా దాంతోపాటే పోతుంది. పియానోలో సగం అందం అక్కడే కదా! అందుకే కొంత గరగర ఉండనివ్వాలనేవాళ్ల వైపే నేను.

'హామర్‌క్లావియర్' సొనాటా మొదటి భాగంలో బీథోవెన్ సూచించిన వేగాన్ని అందుకోబోయి ష్నాబెల్ చాలాచోట్ల స్వరాలు తప్పారు. వాటిని సరిదిద్దే సాధనాలు ఇప్పుడున్నాయి. దిద్దొద్దనే అంటాను. లోపలి పేజీల్లో ఒకరు ఇందుకు ఒప్పుకోలేదు. చదివి, మీరెటువైపో ఉత్తరం రాయండి.