ఎల్‌సీ లేకుండా ఎక్కే టవర్లు

మన కరెంటు డిపార్ట్‌మెంటులో స్తంభం ఎక్కే ప్రతి మనిషీ ముందుగా తీసుకోవాల్సింది ఎల్‌సీ. అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, రిజిస్టర్లో రాసుకుని, సరేనన్నాకే లైన్‌మన్ పైకి వెళ్లాలి. పని ముగించుకుని దిగి, తీసుకున్న ఎల్‌సీ తిరిగి అప్పగించేదాకా ఆ ఫీడరుకు మళ్లీ కరెంటు ఇవ్వకూడదు. ఈ పద్ధతి ఎక్కడ తప్పినా మర్నాడు జిల్లా పేజీలో ఒక లైన్‌మన్ చావు వార్త చదువుతాం. అమెరికాలో దొంగచాటుగా టీవీ, రేడియో టవర్లెక్కి పారాచూట్‌తో దూకేవాళ్ల సంగతి ఎప్పుడు చదివినా నాకు ఈ ఎల్‌సీయే గుర్తొస్తుంది. పైన మనిషి ఉన్నాడని కింద ఎవరికీ తెలియదు. ఆ ఆటలో ఎత్తుకంటే, గాలికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

దీన్ని బేస్ జంపింగ్ అంటారు. భవనం, యాంటెన్నా, వంతెన, కొండ. ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. 1978లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ కొండ మీంచి దూకినవాళ్లను కార్ల్ బోనిష్ సినిమా తీశాక ఈ సరదా లోకానికి తెలిసింది. నాలుగు రకాల చోట్ల నుంచీ దూకినవాళ్లకు వరుస సంఖ్య ఇచ్చే ఆనవాయితీ 1981లో మొదలైంది. మొదటి రెండు సంఖ్యలు ఫిల్ స్మిత్, ఫిల్ మేఫీల్డ్‌లవి. తర్వాతి రెండూ జీన్ బోనిష్, ఆమె భర్త కార్ల్‌వి. 1984లో నార్వేలోని ట్రోల్ కొండగోడ మీంచి దూకుతూ కార్ల్ చనిపోయాడు. ఆనవాయితీ మాత్రం నిలిచింది. దాని ప్రకారం యాంటెన్నా టవర్ ఎక్కనివాడికి ఆ సంఖ్య రాదు. పైగా అమెరికా నడుమ మైదానాల్లో కొండలు లేవు, పొలాల మధ్య టవర్లే ఉన్నాయి. 1963లో నార్త్ డకోటాలోని బ్లాంచర్డ్ దగ్గర కట్టిన టీవీ టవర్ అప్పటి ఎత్తు 628 మీటర్లు. డాలస్‌లో ఉండే మనవాళ్లు సెడార్ హిల్ వైపు వెళ్తే ఇలాంటివి గుంపుగా కనిపిస్తాయి.

ఎక్కేవాళ్లు స్టే వైర్ల గురించి ఆలోచిస్తారు, గాలి ఎటు వీస్తోందో చూస్తారు, పారాచూట్ పదిసార్లు సరిచూసుకుంటారు. కంటికి కనబడే ప్రమాదాల మీద వాళ్ల శ్రద్ధకు వంక పెట్టలేం. కంటికి కనబడనివి వేరే ఉన్నాయి.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పలికేది మీడియం వేవ్. అమెరికాలో దాన్ని ఏఎం అంటారు. చాలా ఏఎం కేంద్రాల్లో టవర్ మీద విడిగా యాంటెన్నా ఉండదు, టవరే యాంటెన్నా. ఆ ఇనుమంతటిలోనూ కరెంటు పారుతుంటుంది. అందుకే దాన్ని నేల మీద కాకుండా పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబెడతారు, చుట్టూ కంచె వేస్తారు. పోలండ్‌లో 646 మీటర్ల ఎత్తున వార్సా రేడియో మాస్ట్ ఉండేది. 1991లో స్టే వైర్లు మారుస్తుండగా కూలిపోయిన ఆ మాస్ట్ అడుగున ఇన్సులేటరే రెండు మీటర్లుండేది. నేల మీద కాలు, మాస్ట్ మీద చెయ్యి పెట్టిన మనిషి ఆ రెంటికీ మధ్య తీగ అయిపోతాడు.

ఇంట్లో కరెంటు కొడితే ఒళ్లు ఝల్లుమంటుంది, చెయ్యి వెనక్కి లాగాలని తెలుస్తుంది. అది సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు, నరాలకు తెలిసే వేగం. రేడియో కరెంటు సెకనుకు లక్షలసార్లు ఊగుతుంది, నరాలు దాన్ని పట్టుకోలేవు. షాక్ కొట్టకుండానే ఒళ్లు కాలుతుంది. పైన చర్మం మీద చిన్న మచ్చే కనిపించినా లోపల కండ ఉడికి ఉండొచ్చు. ఏఎం కేంద్రం పక్కన కట్టడాల పని జరిగేటప్పుడు క్రేన్ చెయ్యి కూడా యాంటెన్నాలా ఆ తరంగాలను పట్టుకుంటుంది. కొక్కెం పట్టుకున్న కూలీల చేతులు కాలడం ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతి. టవర్‌ను ముట్టుకోని మనిషికే అలా జరిగితే, దాన్ని కౌగిలించుకుని ఎక్కేవాడి మాటేమిటి? ఇంకో చిక్కుంది. అమెరికాలో చాలా ఏఎం కేంద్రాలు రాత్రిపూట దూరపు కేంద్రాలకు అడ్డం రాకుండా పవర్ తగ్గించి నడుస్తాయి, సూర్యోదయంతో పెంచుతాయి. గాలి నెమ్మదిగా ఉంటుందని, ఎవరూ చూడరని జంపర్లు ఎంచుకునేదీ ఆ తెల్లవారుజామునే.

ఎఫ్ఎం, టీవీ టవర్ల సంగతి వేరు. అక్కడ ఇనుముకు ఎర్తింగ్ ఉంటుంది, ముట్టుకుంటే ఏమీ కాదు. ఆ నమ్మకంతోనే వాటిని ఎక్కుతారు. ప్రమాదం పైన, యాంటెన్నాల ముందు ఉంటుంది. అమెరికాలో పెద్ద ఎఫ్ఎం కేంద్రాలు యాంటెన్నా నుంచి లక్ష వాట్ల ప్రభావంతో ప్రసారం చేయొచ్చు. యూహెచ్ఎఫ్ టీవీకి పది లక్షల వాట్ల దాకా అనుమతి ఉంది. ఎఫ్ఎం తరంగం పొడవు మూడు మీటర్లు. నిలబడిన మనిషి ఒళ్లు సరిగ్గా ఆ కొలతల్లోని తరంగాలనే ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య భద్రతా పరిమితులు అన్నిటికంటే కఠినంగా ఉంటాయి. అమెరికా నియమాల ప్రకారం అక్కడ పనిచేసేవాళ్లకు చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీవాట్, బయటివాళ్లకు అందులో అయిదో వంతు. ఈ తరంగాలు ఎక్స్‌రేల వంటివి కావు, ఇవి చేసేది వేడెక్కించడం. వేడి చర్మం దాటి లోతుగా దిగుతుంది కనుక చర్మం ముందుగా హెచ్చరించదు. రక్త ప్రసరణ తక్కువగా ఉండే కళ్లు, వృషణాలు ఆ వేడిని తొందరగా వదిలించుకోలేవు.

ఇక్కడ కాలం ముఖ్యం. పనివాళ్ల పరిమితిని ఆరు నిమిషాల సగటుతో లెక్కిస్తారు. చకచకా దాటిపోయే మనిషికి తగిలేది వేరు, అక్కడే నిలబడిపోయినవాడికి తగిలేది వేరు. జంపర్ నిలబడతాడు. గాలి తగ్గేదాకా ఆగుతాడు, కింద రోడ్డు మీద కారు లైట్లు కనిపిస్తే అది పోయేదాకా ఆగుతాడు. పారాచూట్ విప్పుకోవడానికి ఎత్తు కావాలి కనుక ఆగేదీ పై భాగంలోనే, యాంటెన్నాలకు దగ్గరగా. దూకేముందు గుండె దిటవు చేసుకోవడానికి తీసుకునే ఆ కొద్ది నిమిషాల్లో ఒళ్లు ఎంత వేడెక్కిందో అతనికి తెలియదు.

టవర్ మీద బల్బులు మార్చేవాళ్లు, యాంటెన్నాలు బిగించేవాళ్లు ఇదే చోటుకు రోజూ వెళ్తారు. ఒంటికి తరంగాల తీవ్రత చెప్పే మీటరు తగిలించుకుంటారు, పరిమితి దాటితే అది మోగుతుంది. అంతకంటే ముఖ్యం, ఎక్కేముందు కేంద్రానికి ఫోన్ చేస్తారు. ఇంజినీరు పవర్ తగ్గిస్తాడు, లేదా ఆపేస్తాడు. వినేవాళ్లు తక్కువగా ఉండే అర్ధరాత్రి వేళల్లో ఇలాంటి పనులు పెట్టుకోవడానికి కారణం అదే. చెప్పకుండా ఎక్కినవాడికి అదే అర్ధరాత్రి ఇంకో ముప్పు. పెద్ద టవర్ల మీద స్టాండ్‌బై యాంటెన్నా ఉంటుంది. మెయిన్‌లో లోపం వస్తే ప్రసారం దానంతటదే స్టాండ్‌బైకి మారొచ్చు. అంతవరకూ చల్లగా పడి ఉన్న లోహం పక్కన కూర్చున్న మనిషి, ఒక్క క్షణంలో దాని ఎదుట కూర్చున్నవాడవుతాడు. కింద కంట్రోల్ రూములో ఉన్న ఇంజినీరు తప్పు ఇందులో ఏమీ లేదు. అతని లెక్కలో టవర్ మీద ఎవరూ లేరు.

ఇవి కాక మామూలు కరెంటు ఉండనే ఉంది. విమానాలకు హెచ్చరికగా మెరిసే దీపాల లోపల అధిక వోల్టేజీ, మేఘం పడితే పిడుగు. ప్రసార కేంద్రానికి కరెంటు రావాలి కనుక పక్కనే హెచ్‌టీ లైన్లు. చీకట్లో దిగేవాడికి ఆ తీగలు కనిపించవు.

మన దగ్గర బేస్ జంపర్లు అరుదుగానీ టవర్లెక్కేవాళ్లకు లోటు లేదు. భూమి గొడవ తేలలేదనో, ఉద్యోగం రాలేదనో సెల్ టవర్ ఎక్కడం మన పత్రికల్లో తరచూ వచ్చే వార్త. 2023 నవంబరులో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో ప్రధాని సభ జరుగుతుండగా ఒక అమ్మాయి లైట్ల టవర్ ఎక్కితే, వైర్లు బాగోలేవు, దిగి రమ్మని ప్రధానే మైకులో బతిమాలారు. ఆ అమ్మాయి క్షేమంగా దిగింది. ఇంకోవైపు, కాలనీలో సెల్ టవర్ పెడుతుంటే రేడియేషన్ అని ధర్నాలు చేస్తాం. దూరం పెరిగేకొద్దీ తరంగాల తీవ్రత వేగంగా పడిపోతుంది. పైగా అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే మన దేశంలో సెల్ టవర్లకు అనుమతించేవారు. యాంటెన్నా ముందు నిలబడేవాడికి ఉండే ప్రమాదాన్ని కింద వీధిలో నడిచేవాడికి అంటగట్టి, ఎక్కేవాడిని మాత్రం అతని కోపం చల్లారేదాకా అక్కడే వదిలేస్తున్నాం. టవర్ ఎక్కిన కబురు అందగానే పోలీసులు చేయాల్సిన మొదటి పని ఆ కంపెనీకి ఫోన్ చేసి యాంటెన్నాలు ఆపించడం.

మా ప్రాణం మా ఇష్టం, మీకేమిటి అని జంపర్లు అంటారు. దూకడం వాళ్ల ఇష్టం, ఒప్పుకుంటాను. కానీ కాలిన చేతులతో 400 మీటర్ల ఎత్తున చిక్కుకుపోయిన మనిషిని దించడానికి ఇంకొకరు ఎక్కాలి. తనకు తెలియకుండా స్విచ్చి వేసి ఒక మనిషిని కాల్చానన్న బాధ ఆ ఇంజినీరు బతుకంతా మోయాలి. వాళ్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

అనుమతి అడిగితే ఎవరిస్తారన్న మాటా పూర్తిగా నిజం కాదు. కౌలాలంపూర్‌లో 421 మీటర్ల కేఎల్ టవర్ ప్రసారాలు చేసే టవరే. అక్కడ దేశదేశాల జంపర్లను పిలిచి, యాంటెన్నా మాస్ట్ కింద దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉన్న డెక్ మీంచి దూకిస్తున్నారు. యాంటెన్నాలు ఎక్కడున్నాయో, ఎవరు ఎక్కడ నిలబడాలో తెలిసినవాళ్లు పక్కనుంటారు. అమెరికా కేంద్రాలు కూడా గేటుకు తాళం వేసి కేసులు పెట్టడంతో సరిపెట్టకుండా, ఏడాదికి ఒక్క రోజు పవర్ ఆపి ఇలాంటి వీలు కల్పించాలి. అది జరిగేదాకా, అక్కడ చదువుకుంటూ ఈ సరదా మీద మనసు పడిన మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. టవర్ జోలికి వెళ్లకండి. ఐడహోలోని ట్విన్ ఫాల్స్‌లో 148 మీటర్ల పెరైన్ వంతెన మీంచి ఏడాదిలో ఏ రోజైనా, ఏ పర్మిట్టూ లేకుండా చట్టబద్ధంగా దూకవచ్చు. శిక్షణ తీసుకుని అక్కడికి వెళ్లండి.