చర్లపల్లి దాకా చేర్చే బాధ్యత ఎవరిది?

సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం సాగుతున్న కొద్దీ నగరవాసుల ప్రయాణపు దారులు మారిపోతున్నాయి. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. నాంపల్లి నుంచి బయలుదేరిన చెన్నై ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్ నుంచి బయలుదేరిన గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లు అక్కడికి తరలిపోయాయి.

1874లో ఏర్పడిన స్టేషన్‌ను కాలానికి తగినట్లు విస్తరించడాన్ని ఎవరూ కాదనరు. అయితే రైలును తరలించినవారే ప్రయాణికుడిని దాని దాకా చేర్చే బాధ్యతనూ వహించాలి. చర్లపల్లి నగరపు తూర్పు అంచున ఉంది. శాలిబండలోనో, తలాబ్‌కట్టలోనో నివసించే పేద కుటుంబం తెల్లవారుజామున పిల్లలతో, మూటాముల్లెతో అక్కడికి చేరాలంటే జనరల్ టిక్కెట్టు కన్నా ఆటో కిరాయే భారమవుతుంది. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది. కాని ఆ వేళకు బస్సే లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితం.

2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ సర్వీసు సనత్‌నగర్–మౌలాలి మార్గంలో సాగుతుంది. అది పడమటి కాలనీలకు మేలే. కాని ఫలక్‌నుమా, యాకుత్‌పురా, డబీర్‌పురా స్టేషన్లు వేరే మార్గంలో ఉన్నాయి. కాచిగూడ, సీతాఫల్‌మండి, మల్కాజిగిరి, మౌలాలి మీదుగా చర్లపల్లికి పట్టాలు ఉండనే ఉన్నాయి. దూరప్రాంత రైళ్ల వేళలకు అనుగుణంగా, పాతబస్తీ నుంచి ఆ పట్టాలపై నేరుగా తగినన్ని లోకల్ రైళ్లు నడపాలన్నదే మన కోరిక. ఇందుకు కొత్త భూసేకరణ అక్కరలేదు.

ముస్లింలు అధికంగా నివసించే గ్రామాలకు పక్కా రోడ్లు, బస్‌స్టాపులు కొరవడ్డాయని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. రవాణా వసతి కొరవడితే చదువు, వైద్యం, ఉపాధి అన్నీ దూరమవుతాయి. ఆ కొరత నగరంలో మరో రూపంలో పునరావృతం కారాదు. ఇది మైనారిటీలకు ప్రత్యేక రాయితీ కోరడం కాదు. పాతబస్తీలోని హిందూ సోదరులకూ ఇదే ఇబ్బంది, ఇదే హక్కు.

ఆవేదన వెళ్లగక్కితే ఫైలు కదలదు. మస్జిద్ కమిటీలు, బస్తీ సంఘాలు, మహిళా బృందాలు కలిసి ఏ రైలుకు, ఏ వేళకు, ఏ బస్తీ నుంచి సౌకర్యం కావాలో స్పష్టంగా రాసి, సంతకాలతో దక్షిణ మధ్య రైల్వేకు, ఆర్టీసీకి వినతిపత్రాలు అందజేయాలి. అందినట్లు రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అడగనివారి అవసరం ఏ టైంటేబుల్‌లోనూ కనిపించదు.