గేరు పెరిగితే స్పీడు పెరగదండీ!

పాత జీపుకి మూడు గేర్ల బాక్సు తీసేసి నాలుగు గేర్లది వేయిస్తానని ఎవరైనా అనగానే మన ఐటీ జనాలు అడిగే మొదటి ప్రశ్న: "అయితే ఎంత స్పీడు పోతుంది?" మనకి వెర్షన్ నంబరు పెరిగితే ఏదో వేగం పెరిగినట్టే లెక్క కదా! నా జవాబు మాత్రం, ఒక్క కిలోమీటరు కూడా పెరగదు అని. అయినా సరే, కొన్ని జీపులకి ఆ పని చేయించాల్సిందేనంటాను. ఎందుకో చెప్తా.

విల్లీస్ సీజే-3బీనే తీసుకోండి. 1953లో అమెరికాలో వచ్చిన జీపు ఇది. మహీంద్రా వాళ్ళు మన దేశంలో దశాబ్దాల పాటు తయారు చేశారు కాబట్టి, చిన్నప్పుడు మన ఊళ్ళోకి పోలీసులూ, ఆఫీసర్లూ వేసుకొచ్చిన జీపు మొహం మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ కొలరాడోలో మా ఆఫీసులో ఒకాయన దగ్గర అలాంటిదొకటుంది. బాక్సు మార్చాలా వద్దా అని లంచ్ టైములో ఆయనకీ నాకూ చాలా వాదనలే జరిగాయి.

దాంట్లో కంపెనీ నుంచి వచ్చే బాక్సు పేరు టీ-90. మూడు గేర్ల రేషియోలు 2.80, 1.55, 1.00. దాని బదులు ఎక్కువగా వేసే వాటిల్లో ఒకటి, ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లో వచ్చిన వార్నర్ టీ-18. దాని రేషియోలు 6.32, 3.09, 1.69, 1.00. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. టాప్ గేరు రెండిట్లోనూ 1.00. కొత్తదాంట్లో రెండు, మూడు, నాలుగు అన్నవి దాదాపు పాతవాటి ఒకటి, రెండు, మూడే. అంటే అదనంగా వచ్చిన గేరు పైన కాదు, అడుగున వచ్చింది. దాన్ని ఇక్కడివాళ్ళు గ్రానీ గేర్ అంటారు, అంటే అమ్మమ్మ గేరన్నమాట! మామూలు రోడ్డు మీద దాని జోలికే పోరు, సెకండ్‌లోనే బండి కదిలిస్తారు.

మరి దాంతో ఉపయోగం ఏంటంటారా? ఓ చిన్న లెక్క. సీజే-3బీలో ట్రాన్స్‌ఫర్ కేస్ లో-రేంజి 2.46, ఆక్సిల్ 5.38. పాత ఫస్ట్ గేరుతో మూడింటినీ గుణిస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టీ-18తో అదే 84 దాకా పోతుంది. ఇంజను ఐడ్లింగులో 800 చుట్లు తిరుగుతోందనుకుంటే, మొదటి పద్ధతిలో జీపు గంటకి సుమారు 3 కిలోమీటర్లు నడుస్తుంది. రెండో పద్ధతిలో 1.3.

ఆ తేడా ఆఫీసు పార్కింగులో తెలీదు. బ్లాక్ బేర్ పాస్ లాంటి చోట తెలుస్తుంది. టెల్యూరైడ్ వైపు కిందికి దిగడానికే వదిలే దారి అది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క పట్టున తిరగని మలుపులు. జీపుకున్నవేమో నాలుగు చక్రాలకీ పాతకాలం డ్రమ్ము బ్రేకులు. వేడెక్కితే పట్టు పోతుంది, వాగు దాటి తడిస్తే పట్టు పోతుంది. పైగా ఒకే హైడ్రాలిక్ లైను కాబట్టి ఎక్కడ లీకైనా మొత్తం పోయినట్టే. అలాంటి చోట బండిని ఆపి పట్టుకునేది ఇంజనే. అందుకే నా దృష్టిలో ఇది ప్రాణానికి సంబంధించిన మార్పు, షోకు కాదు.

"ఒరిజినాలిటీ పాడవుతుంది" అనే పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. కానీ జీపు కంపెనీయే తర్వాత సీజే-5లో నాలుగు గేర్ల టీ-98 బాక్సుని ఆప్షన్‌గా ఇచ్చింది. మహీంద్రా జీపులకి కూడా తర్వాత నాలుగు గేర్లొచ్చాయి. కంపెనీకి లేని పట్టింపు మనకెందుకు?

నాకున్న భయం వేరే. గేర్ బాక్సు ఒక్కటే మారుస్తున్నాం అనుకోవడం. ఒక మాడ్యూల్ మారిస్తే చుట్టూ ఉన్న ఇంటర్‌ఫేస్‌లన్నీ కదుల్తాయని మనకి వేరే చెప్పాలా? టీ-18 పొడుగెక్కువ, బరువెక్కువ. ఇంజనుకీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ అడాప్టర్లు కావాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి జరుగుతుంది. జీపు వీల్‌బేసే రెండు మీటర్లు, అందులో వెనక షాఫ్ట్ ఇంకా పొట్టిదై, వాలు పెరిగి, యూనివర్సల్ జాయింట్లు తొందరగా అరిగిపోతాయి. అదీగాక లో-రేంజిలో ఆక్సిల్ మీద పడే బలం పాతదానికి రెండింతల పైనే. బండ మీద చక్రం ఇరుక్కున్నప్పుడు కాలు గట్టిగా తొక్కితే విరిగేది ఆక్సిల్ షాఫ్టే. బాక్సుకి డబ్బు పెట్టి, షాఫ్ట్‌కి పిసినారితనం చూపిస్తే లాభం లేదు.

కాబట్టి నా మటుకు నేను చెప్పేదిదే. మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు, మీ రిక్వైర్‌మెంట్ ఏంటో కాగితం మీద రాసుకోండి. హైవే మీద ఇంజను రొద తగ్గాలంటే డేనా 18 ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక తగిలించే ఓవర్‌డ్రైవ్ దొరుకుతుంది, అది చాలు. ఆదివారం పూట కాఫీకి వెళ్ళొచ్చే జీపైతే అసలేమీ ముట్టుకోకండి, ఆ మూడు గేర్లే ముద్దు. నిజంగా కొండలెక్కి దిగేవాళ్ళైతే మాత్రం నాలుగు గేర్లు వేయించండి. కానీ ఛాసిస్ కోయనివ్వకండి. పాత టీ-90ని గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. మీ తర్వాత ఆ జీపు ఎవరి చేతికెళ్తుందో, వాళ్ళకేం కావాలో మనకి తెలీదు కదా. రోల్‌బ్యాక్ లేకుండా ప్రొడక్షన్‌లో చెయ్యిపెట్టొద్దని రోజూ జూనియర్లకి చెప్పే మనం, డెబ్భై ఏళ్ళ జీపుకి ఆ మాత్రం మర్యాద ఇవ్వొద్దూ?