ఒక్కనికొక్క బండి

భాగ్యనగర రాజమార్గములయందు ఉదయ సాయంకాలములు కదలక నిలిచిన కార్లలోనికి తొంగిచూచిన, సమస్యకు మూలము కనబడును. నలుగురైదుగురు కూర్చుండదగిన బండిలో తరచుగా నొక్కడే యుండును. మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయములకు ఒకే వేళ, ఒకే త్రోవను పోవువారు వేర్వేరు బండ్లలో పోవుచు, ఒకరికొకరు అడ్డమై, ఆలస్యమునకు ప్రభుత్వమును నిందించుచున్నారు.

40 మంది ఒక బస్సులో పోయిన 12 మీటర్ల చోటు చాలును. ఆ 40 మందియే 40 కార్లలో పోయిన, బండికి బండి తాకించి నిలిపినను 150 మీటర్లు చాలవు. త్రోవలు వెడల్పు చేసి, వంతెనలు కట్టిన చాలునని కొందరి వాదము. క్రొత్త త్రోవ క్రొత్త బండ్లను పిలుచును. కొలది యేండ్లలో నదియు నిండును. మనదేశమునకు వలయు ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. నిలిచిన బండిలో కాలుచున్నది మన జాతిధనమే.

అట్లని కారెక్కువానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, 2017లో మెట్రో రైలు వచ్చెను. మెట్రో మార్గము నేడు సుమారు 69 కిలోమీటర్లు. కాని స్టేషను దిగినవాడు కార్యాలయము చేరుటకు నడకదారి యేది? ఉన్నచోట అంగళ్లును, నిలిపిన మోటారు సైకిళ్లును దాని నాక్రమించినవి. తెలంగాణమున 2023 డిసెంబరునుండి స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము లభించినది. ప్రయాణికులు పెరిగిరి, బస్సులును తదనుగుణముగ పెరుగవలదా? 60 మందిని మోయు బస్సు ఒక్కొక్కనిని మోయు కార్ల వెనుక పడిగాపులు కాచుట ఏ ధర్మము?

1975లో సింగపూరు ప్రభుత్వము ఉదయవేళ నగరమధ్యమును ప్రవేశించు కార్లపై సుంకము విధించి, నలుగురు కూడివచ్చు కారునకు మినహాయింపు నొసగెను. స్టాక్‌హోమునందు 2005లో ముందుగా బస్సులను పెంచి, 2006లో సుంకమును పరీక్షార్థము విధింపగా, నగరమధ్యమునకు వచ్చిపోవు బండ్లు సుమారు ఐదవవంతు తగ్గెను. ఫలితము కన్నులార చూచిన నగరవాసులు ఆ యేటనే ప్రజాభిప్రాయ సేకరణమున దాని నంగీకరించిరి. ఇందలి క్రమమును మనము గుర్తింపవలెను: ముందు సౌకర్యము, పిదప సుంకము. ఈ క్రమము తలక్రిందులైన, అది సంస్కరణము గాక దండుగ యగును.

కావున ప్రభుత్వము తొలుత బస్సుల సంఖ్యను పెంచి, రద్దీవేళల వానికి ప్రత్యేకమార్గము నేర్పరుపవలెను. ప్రతి స్టేషనుచుట్టును నడకదారులను నిరాటంకము చేయవలెను. కార్యాలయముల యజమానులు పనివేళలను కొంత వెనుకముందులు చేసి, కూడివచ్చు ఉద్యోగుల బండ్లకే ముందుగా చోటీయవలెను. ఇవి జరిగినపిమ్మట ఒంటరి కారుపై సుంకము విధించినను ఎవ్వరును ఆక్షేపింపజాలరు.

పౌరులు మాత్ర మంతవరకు వేచియుండనక్కరలేదు. ఒకే వీధినుండి ఒకే కార్యాలయమునకు పోవు నలుగురు రేపటినుండి ఒక్క బండిలో పోవుటకు ఏ శాసనమును అవసరము లేదు. త్రోవ అందరి సొత్తు. దానిని పంచుకొననేర్చిన జాతియే ముందునకు సాగును.