గృహవినోదములు: చేపలకు పురిటిగది

గాజుతొట్టిలో రంగుచేపలను పెంచు వేడుక కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల గృహములందును కలదు. చేపలను కొని తెచ్చుట తేలిక. అవి మన యింట పిల్లలను కని పెంచునట్లు చేయుట గృహిణి నేర్పునకు పరీక్ష. కావున ఈ నెల పొట్టి సిక్లిడ్లను గూర్చి వ్రాయుచున్నాము.

సిక్లిడ్లు సంతానమును కాచుకొనుటలో పేరొందిన చేపలు. వానిలో కొన్ని చిన్నజాతులు గుహలలో గ్రుడ్లు పెట్టును. దక్షిణ అమెరికాలోని అపిస్టోగ్రమ్మా, పడమటి ఆఫ్రికాలోని క్రిబెన్సిస్ ఇట్టివి. మొదటిది మెత్తని నీటిని కోరును. మన బోరునీరు తరచుగా కఠినజలము గనుక, క్రొత్తవారికి రెండవదే అనువు. ఇందు ఆడుచేప సుమారు మూడంగుళములు, మగచేప నాలుగంగుళములు పెరుగును.

ఆడుచేప గుహలోపల పైకప్పునకు గ్రుడ్లు అతికించి, రెక్కలతో నీటిని విసరుచు కాచును. మగచేప వాకిట కాపుండును. అనగా గుహ వానికి పురిటిగది. అది చీకటిగా నుండవలెను; వాకిలి యొక్కటే, అదియు ఇరుకుగా నుండవలెను.

ఇందులకు అంగడి సామాను అక్కఱలేదు. రంగు పూయని క్రొత్త మట్టిగురిగిని నానబెట్టి ప్రక్కకు పరుండబెట్టవచ్చును. లేదా సగము కొబ్బరిచిప్పను పీచు గీకి, నీటికి రంగు దిగుట మానువరకు పలుమారు కాచి బోర్లించవచ్చును. చిప్పయంచున అంగుళమున్నరకు మించని సందు చేసి, నున్నగా అరగదీయవలెను. రాళ్లతో కట్టదలచినచో కరీంనగరపు గ్రానైటు మంచిది; అది నీటి గుణమును మార్చదు. మంచిర్యాల ప్రాంతపు సున్నపురాయి కాఠిన్యమును పెంచును. అనుమానము కలిగిన రాతిని గీరి, ఆ పొడిపై నిమ్మరసము పిండి చూడుడు. బుడగలు పొంగినచో దానిని వాడకుడు.

గుహను ఇసుకపై నిలుపరాదు. అడుగు గాజునకే ఆనించి, చుట్టును కడిగిన సన్నని ఇసుక పోయవలెను. ఈ చేపలు నోటితో ఇసుక తోడి వాకిలిని దిద్దుకొనును. క్రింద ఇసుక యున్నచో గుహ ఒరిగి తల్లిని నలుపవచ్చును. వాకిలి మనుష్యులు తిరుగువైపునకు గాక ప్రక్కకు త్రిప్పవలెను. రెండు మూడు గుహలుంచిన, జంట తనకు నచ్చినదానిని ఎంచుకొనును.

నీటికి 25 మొదలు 27 డిగ్రీల వెచ్చదనము చాలును. ఆదిలాబాదులో శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును గనుక తొట్టికి హీటరు తప్పదు. నల్లానీటిని ఒక దినము వెడల్పాటి పాత్రలో తెరచియుంచి, క్లోరిను పోయినపిదప వాడవలెను.

గ్రుడ్లు సుమారు మూడు దినములకు పగులును. మఱి వారమునకు పిల్లలు తల్లివెంట బయటికి వచ్చును. ఈ పది దినములు ఓపికపట్టుటయే అసలు పని. గుహను ఎత్తి చూచినచో, బెదరిన తల్లి తన గ్రుడ్లను తానే తినివేయుట కలదు. ఇంటి పిల్లలు గాజును తట్టకుండ వారింపుడు. ఈదుచున్న పిల్లచేపలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియాను కొంచెము కొంచెముగా నిచ్చి, మిగిలినదానిని తీసివేయుడు.

సంతానము మిక్కిలియైనచో స్నేహితురాండ్రకు పంచిపెట్టుడు. మానేరులోగాని కడెములోగాని విడువకుడు. 1952లో మనదేశమునకు తెచ్చిన ఆఫ్రికాజాతి తిలాపియాయును సిక్లిడే. అది గోదావరిలో నెలకొని, దేశవాళి చేపలకు తిండియందును తావునందును పోటీయైనది. మన కొర్రమట్టయును పిల్లలను కాచుకొను చేపయే. మన తొట్టిలోని పురిటిగదిని కాపాడుచు, దాని పురిటింటికి ముప్పు తేకుండుటయు మన బాధ్యతయే.