జాగ్రత్తలు చెబితే చాలదు, జవాబుదారీ వహించాలి

బ్యాంకు ఖాతా నుండి సొమ్ము పోగొట్టుకున్న పేదవాడు ఫిర్యాదు చేయబోతే అతనికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, "పాస్‌వర్డ్ ఎవరికి చెప్పావు?" అన్నది. అతడు ఎవరికీ చెప్పలేదు. దరఖాస్తు నింపడానికి ఒక దుకాణంలో కూర్చుని మీటలు నొక్కాడు, అంతే. నొక్కిన ప్రతి మీటనూ రాసుకుంటున్న దొంగ ఆ యంత్రంలోనే కాపురమున్నాడని తెలుసుకునే మార్గం అతనికి లేదు. నేరస్థుణ్ణి వదలి నష్టపోయినవాణ్ణి నిలదీసే ఈ పద్ధతిని మేము ఖండిస్తున్నాము.

ఉద్యోగ విరమణ అనంతరం శ్రీముఖలింగం పరిసర గ్రామాలలో మేము చేస్తున్న సేవ చాలా చిన్నది. విద్యార్థుల ఉపకార వేతనాలకు, వృద్ధుల పింఛన్లకు, హజ్ యాత్రకు దరఖాస్తులు నింపించడం. ఇప్పుడు వీటిలో చాలావాటికి ఆన్‌లైనే దారి. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలో నమోదు చేయాలన్నప్పుడు, ఏనాడూ కంప్యూటర్ ముట్టని ముతవల్లీలు సైతం పాత దస్తావేజులు సంచిలో పెట్టుకుని ఇంటర్నెట్ దుకాణాలను ఆశ్రయించారు. పోర్టల్ ఢిల్లీలో ఎంత భద్రంగా ఉన్నా, మా వంటివారు దానిలోకి ప్రవేశించే ద్వారం మండల కేంద్రంలోని ఒక పాత కంప్యూటరే.

అటువంటి దుకాణమొకదానిలో మేము కళ్లారా చూసినది చెబుతాము. ఒక విద్యార్థి ఖాతాలో పడిన ఉపకార వేతనం రెండు రోజులకే మాయమైంది. అతని వెంట వెళ్లి దుకాణదారుని అడిగాము. అతడు ఏ దాపరికమూ లేకుండా బ్రౌజర్ తెరిచి చూపించాడు. అందులో భద్రపరచిన పాస్‌వర్డుల జాబితా కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నది. ఇవన్నీ ఎందుకు దాచావని అడిగితే, "మీరు మరిసిపోతారు గదా బాబూ, నా కాడుంటే మంచిదే గదా" అన్నాడు. దొంగ అతడు కాడు. పత్రికలు, కరపత్రాలు కూర్చే సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక ఎవరో ఇచ్చిన పైరసీ ప్రతిని ఎక్కించుకున్నాడు. ఎక్కించేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపివేయమని అదే చెప్పిందట, ఆపివేశాడు. తలుపు అక్కడే తెరుచుకున్నదని మా అనుమానం.

కీలాగర్ అనేది నొక్కిన ప్రతి అక్షరాన్ని వరుసగా రాసుకుని దూరాన ఉన్న తన యజమానికి పంపే గూఢచారి. కొన్నిసార్లు అది సాఫ్ట్‌వేర్ కూడా కాదు, కీబోర్డు తీగకు, కంప్యూటర్‌కు నడుమ తగిలించిన వేలెడంత పరికరం. దానిని పట్టుకోవాలంటే యాంటీవైరస్‌ను నమ్ముకోకుండా పెట్టె వెనక్కి వంగి చూడవలసిందే. సమాచారాన్ని దోచే నేటి మాల్‌వేర్ మీటలు నొక్కేదాకా కూడా ఆగదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను, లోపలికి వెళ్లినవాడు ఫలానా వ్యక్తేనని గుర్తుపట్టే కుకీలను ఒక్కసారిగా ఊడ్చుకుపోతుంది. ఓటీపీ ఉన్నది కదా అనేవారు ఇది గమనించాలి. అప్పటికే ఓటీపీ దాటినవాడి కుకీ చిక్కితే చాలాచోట్ల దొంగను మళ్లీ ఓటీపీ అడగరు. తెరమీది కీబోర్డు వాడమనే సలహా కూడా అరకొరదే, తెరనే ఫొటో తీసే మాల్‌వేర్‌కు అది అడ్డు కాదు. లుమ్మా అనే ఒక్క మాల్‌వేర్ 2025 మార్చి 16 నుండి మే 16 వరకు, రెండు నెలలలో, ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చొరబడినట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. వారందరూ అజాగ్రత్తపరులేనా?

ప్రభుత్వ గుమాస్తా కొలువులో ముప్పై ఏళ్లు గడిపినవారము మేము. కార్యాలయపు గుండ్రటి ముద్ర బీరువాలో ఉండేది, తాళం చెవి ఒకరి పూచీ. ముద్రను బయటివాడి బల్లపై వదిలి వచ్చిన గుమాస్తాకు మెమో తప్పేది కాదు. నేటి పౌరుడికి పాస్‌వర్డే ముద్ర, సంతకమూ అదే. మన ఇళ్లలో అమానత్ అనే మాటకు ఎంత బరువున్నదో పాఠకులకు చెప్పనక్కరలేదు. అటువంటి ముద్రను అపరిచితుడి బల్లపై పెట్టి రమ్మని ప్రభుత్వమే పౌరుణ్ణి పంపుతున్నది. అది పోయాక మెమో మాత్రం పౌరుడికే అందుతున్నది.

పోయేది సొమ్మొక్కటే అనుకుంటే పొరపాటు. భీమా కోరేగావ్ కేసులో 2018 ఆగస్టు 28న, 77 ఏళ్ల వయసులో తెలుగు కవి వరవరరావును హైదరాబాదులో అరెస్టు చేశారు. అదే కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్ సమాచారాన్ని ప్రతివాదుల పక్షాన పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక 2021 ఫిబ్రవరిలో వెల్లడైంది. 2016 జూన్ 13న వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన ఫైలును విల్సన్ తెరవగా నెట్‌వైర్ అనే మాల్‌వేర్ ప్రవేశించిందని ఆ నివేదిక చెప్పింది. కంప్యూటర్‌ను దూరం నుండి నడపగల, మీటల నొక్కుళ్లను రాసుకోగల సాధనమది. చొరబాటుదారు 22 నెలలు లోపలే ఉండి, తరువాత సాక్ష్యంగా చూపిన పది లేఖలను కంటికి కనబడని ఫోల్డర్‌లో పెట్టాడని కూడా తేల్చింది. ఎన్‌ఐఏ ఈ నివేదికను అంగీకరించలేదు. వరవరరావు రాజకీయాలతో ఏకీభవించడం, ఏకీభవించకపోవడం ఇక్కడ ప్రశ్న కాదు. ఇంతటి వివాదం తేలకముందే మనుషులు ఏళ్ల తరబడి జైలులో ఉండవలసి రావడమే ప్రశ్న.

మా శ్రీముఖలింగం ఒకనాటి కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. తూర్పు గాంగులు తామ్రశాసనాల రేకులను వలయంతో కూర్చి, దానిపై నంది ముద్ర వేయించేవారు. అయినా రాగి రేకు దొరికినంత మాత్రాన శాసన పరిశోధకుడు నమ్మడు. లిపిని, భాషను, ముద్రను పరీక్షించి కూటశాసనాలను వేరు చేస్తాడు. రాగి రేకుకు పెట్టే పరీక్ష హార్డ్ డిస్కుకు అక్కరలేదా?

చట్టం లేకపోలేదు. 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం దురుద్దేశంతో ఒకరి కంప్యూటర్‌లో వైరస్ చొప్పించినవారికి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకోవడం 66సి కింద నేరం. కాని 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నియమాలు చదివితే పాలకుల చూపు ఎటున్నదో తెలుస్తుంది. వచ్చినవాడు గుర్తింపు కార్డు చూపాలి, అతని వివరాలు ఏడాది పాటు భద్రపరచాలి, అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించరాదు. గోడకు కొలత ఉన్నది. వచ్చినవాడి పాస్‌వర్డును యంత్రం దొంగిలించకుండా చూసే బాధ్యతకు ఏ కొలతా లేదు.

ప్రజలను ఆన్‌లైన్‌కు తరిమిన ప్రభుత్వమే ప్రతి గ్రామ సచివాలయంలో ప్రజల వాడకానికి ఒక శుభ్రమైన కంప్యూటర్ ఉంచాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం లేని ఖాతాతో, ఒకరు లేచిన వెంటనే వారి జాడలన్నీ చెరిగిపోయే ఏర్పాటుతో అది నడవాలి. ఇందుకు కోట్లు అవసరం లేదు. మసీదు కమిటీలు కూడా తలచుకుంటే ఇటువంటిది ఒకటి నిర్వహించగలవు. అంతవరకు బ్యాంకు పాస్‌వర్డును దుకాణంలో నొక్కకండి. భద్రపరచమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి, పని కాగానే లాగౌట్ చేయించండి. అనుమానం కలిగితే అదే యంత్రంలో పాస్‌వర్డు మార్చవద్దు, కొత్తది కూడా దొంగకే చేరుతుంది. నమ్మకమైన ఫోనులో మార్చి, అన్ని పరికరాల నుండి లాగౌట్ చేయండి. సొమ్ము పోయినట్టు తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయండి.

పై కోరికలతో మేము ఒక అర్జీ రాసి, ఆ విద్యార్థి తల్లిని వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాము. కాగితం తీసుకోలేదు. ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లి ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకు రమ్మన్నారు.